రైటర్ గారు రాత నేర్చుకున్న ఆరు ఆదివారాలు

గుంటూరులో మా సబ్ రిజిస్ట్రార్ కార్యాలయం ముందు 34 ఏళ్లుగా నన్ను అందరూ ‘రైటర్ గారూ’ అనే పిలుస్తారు. ఆ వీధిలో ఆ మాటకు దస్తావేజు లేఖరి అని తప్ప మరో అర్థం లేదు. అందువల్ల మొన్న శ్రావణ మాసంలో విజయవాడలో ఒక రచనా శిక్షణ తరగతిలో చేరి, మొదటి రోజున పాఠం చెప్పే మేడం ‘మీలో రైటర్లు ఎవరైనా ఉన్నారా అండీ?’ అని అడగగానే అలవాటు కొద్దీ చెయ్యి ఎత్తాను. ఏం రాశారని అడిగారు. క్రయ దస్తావేజులు, దాన సెటిల్‌మెంట్లు, భాగ పరిష్కారాలు, వీలునామాలు అన్నీ కలిపి కొన్ని వేలు రాసి ఉంటానని చెప్పాను. గదిలో ఉన్న 18 మందీ నవ్వారు, వారితోపాటు నేనూ నవ్వాను. ఆ నవ్వులు సద్దుమణిగాక ఆవిడ వేసిన రెండో ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు లేకపోయింది. ‘వాటిలో నేను అని రాస్తారు కదండీ, ఆ నేను ఎవరు?’

దస్తావేజులో ‘నేను’ ఎప్పుడూ రాయించి ఇచ్చేవారే. ‘నా కుటుంబ అవసరముల నిమిత్తము యిందు దిగువ షెడ్యూలు ఆస్తిని మీకు క్రయమునకు యిచ్చుటకు అంగీకరించి’ అని ఎన్నిసార్లు రాశానో లెక్క లేదు గాని, అందులో ఏ కుటుంబమూ నాది కాదు, ఏ అవసరమూ నాది కాదు. నా ఉనికి అంతా చివరి పేజీలో సాక్షుల సంతకాల కింద ‘దస్తూరి’, అంటే రాసినవారి చేతిరాత, అన్న మాట పక్కన ఉండే పేరు ఒక్కటే. పని భారం కొంత మా అబ్బాయి చేతికి వెళ్లి తీరిక చిక్కాక, మా నాన్నగారి గురించి, ఆ కార్యాలయం ముందు బల్ల వేసుకొని ఆయన గడిపిన రోజుల గురించి పది పేజీలు రాసుకోవాలని కూర్చుంటే, ప్రతి వాక్యమూ ఎవరి ఆస్తినో ఎవరికో రాసిచ్చినట్టే వచ్చేది. ఆ బాధ పడలేక ఈ తరగతిలో చేరాను. నిర్వాహకుల పేరు ఇక్కడ రాయడం లేదు. చదివేవారికి పేరుకన్నా, ఇటువంటి తరగతికి డబ్బు కట్టే ముందు ఏం చూసుకోవాలన్నదే ఎక్కువ అవసరమని నా ఉద్దేశం.

ముందుగా లెక్కలు చెబుతాను. ఆరు ఆదివారాలు, ఉదయం 10 గంటల నుంచి మధ్యాహ్నం ఒకటిన్నర దాకా, మొత్తం ఫీజు రూ. 4,800. ఏలూరు రోడ్డుకు దగ్గరలో ఒక భవనం రెండో అంతస్తు, లిఫ్టు లేదు, మోకాళ్ల నొప్పులున్నవారు గమనించాలి. గుంటూరు నుంచి విజయవాడ 35 కిలోమీటర్లే కనుక ఎనిమిది గంటల బస్సు ఎక్కితే మంగళగిరి మీదుగా వేళకు చేరవచ్చు. కృష్ణలో నీళ్లున్న రోజులు కావడంతో వారధి మీద బస్సు నెమ్మదించినప్పుడల్లా ఎగువన బ్యారేజీ గేట్ల నుంచి నీళ్లు దూకడం కనిపించేది, ఆ అయిదు నిమిషాలకు టిక్కెట్టు డబ్బులు చెల్లిపోయాయి. హాలులో రెండు ఫ్యాన్లు తిరుగుతాయి, ఒకటి మూలుగుతూ తిరుగుతుంది. ఇరవై మందికి మైకు ఎందుకో అర్థం కాలేదు, పైగా అది పెళ్లిపందిట్లో మైకులా కూసేది. చవితి పందిళ్ల వారం కింది వీధిలో పాటల వల్ల ఒక గంటసేపు తరగతి ఆగిపోయింది. పదకొండున్నరకు ఇచ్చే టీ మాత్రం చిక్కగా, యాలకుల వాసనతో చాలా బాగుంటుంది.

వారు నేర్పిస్తామన్నది క్రియేటివ్ నాన్‌ఫిక్షన్. దీనికి కరపత్రంలో ‘సృజనాత్మక కాల్పనికేతర రచన’ అని తెలుగు చేశారు. చదవగానే నాకు ఏదో కొత్త రకం తనఖా పత్రం పేరులా తోచింది. విషయం మాత్రం తేలికైనదే. ఆత్మకథ, యాత్రా కథనం, జ్ఞాపకాలు, మనిషి మీద రాసే రేఖాచిత్రం, లలిత వ్యాసం, ఇవన్నీ దీని కిందికే వస్తాయి. జరిగినదాన్నే రాయాలి, లేనిది కల్పించకూడదు. అయితే కథకుడి దగ్గర ఉండే పనిముట్లన్నీ వాడుకోవచ్చు: సన్నివేశం కట్టడం, మాటలు వినిపించడం, ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలో ఎంచుకోవడం. ఇక్కడ చిక్కు ఏమిటంటే, కథ సొంతంగా అల్లినది కానప్పుడు రచయితకు మిగిలే సొంత ఆస్తి చెప్పే గొంతు ఒక్కటే. అదే ఊరు, అదే తండ్రి, అదే చావు ఇంకొకరు రాసినా అవే సంగతులు వస్తాయి. అందుకే ఆరు వారాలూ ‘మీ గొంతు’ అన్న మాట చుట్టూనే తిరిగాయి.

మొదటి వారం మా ఇంట్లోని ఒక వస్తువు మీద ఒక పేజీ రాయమన్నారు. మా నాన్నగారి వాలు మూత చెక్కపెట్టె గురించి రాశాను. దాని మూత మీదే కాగితం పెట్టుకొని రాసేవారు, లోపల స్టాంపు కాగితాలు, ఇంకు ప్యాడు, దారం ఉండేవి. నేను రాసినది ఇలా మొదలైంది: ‘కీర్తిశేషులగు మా తండ్రిగారిచే సుమారు 40 సంవత్సరములు వినియోగించబడిన సదరు పెట్టె ప్రస్తుతము మా గృహమునందు భద్రపరచబడి యున్నది.’ పైకి చదువుతుండగానే నాకే నవ్వు వచ్చింది. మేడం నవ్వలేదు. కాగితం తీసుకొని ‘బడు’ అన్న చోటల్లా ఎర్ర గీత గీసి లెక్కపెట్టారు, ఒక్క పేజీలో 11 వచ్చాయి. ‘ఈ పేజీలో పనులన్నీ జరిగిపోయాయి రైటర్ గారూ, చేసినవాళ్లు ఒక్కరూ కనపడటం లేదు’ అన్నారు. కట్టిన ఫీజులో సగం ఆ ఒక్క మాటకే చెల్లిందని ఇప్పటికీ అనుకుంటున్నాను.

రెండో వారం ఇచ్చిన అభ్యాసం ఇంకా గట్టిది. ‘నేను’, ‘నా’, ‘నాకు’ అన్న మాటలు ఒక్కసారి కూడా వాడకుండా మన చిన్ననాటి ఒక ఉదయం గురించి రాయాలి. ఇంగ్లీషులో ఇది చాలా కష్టమైన పని, తెలుగులో మాత్రం హాయిగా కుదురుతుంది. ‘పొద్దున్నే లేచి, బావి దగ్గర మొహం కడుక్కొని, అరుగు మీద కూర్చున్నాను’ అంటే ఎవరు కూర్చున్నారో క్రియ తోకే చెబుతుంది. దస్తావేజుకు ‘నేను’ తప్పనిసరి, అక్కడ ఆస్తి ఎవరిదో పొరపాటు రాకూడదు. సొంత రాతలో దాన్ని తీసేసిన మరుక్షణం మా అరుగు, బావి, గిలక చప్పుడు ముందుకొచ్చాయి, నేను వాటి వెనక నిలబడ్డాను. మా వాళ్లలో ఎవరి తోక ఎలా ఉంటుందో కూడా ఆ రోజే బయటపడింది. పక్కన కూర్చున్న అనంతపురం ఆవిడ ‘వచ్చినాను’ అని రాశారు, తెనాలి అబ్బాయి ‘వచ్చా’ అని రాశాడు, నేను ‘వచ్చితిని’ అని రాసి కొట్టేసి ‘వచ్చాను’ అని దిద్దుకున్నాను. ఆ చిన్న తోకలోనే మనిషి ఊరు, చదువు, వయసు, కాస్త బిడియం కూడా ఉంటాయని అంతవరకు ఎన్నడూ ఆలోచించలేదు.

ఆ తరువాత ‘మనం’, ‘మేము’ గురించి గంటసేపు చెప్పారు. ఇది ఇంకెవరైనా చెబితే బడిలో వ్యాకరణం పాఠమయ్యేది. ‘మనం’లో వినేవారు కలుస్తారు, ‘మేము’లో కలవరు. ఈ తేడా తెలియని తెలుగు పిల్లవాడు ఉండడు, కానీ రాసేటప్పుడు మనమంతా దాన్ని మరిచిపోతాం. వారపత్రికల శీర్షికల అలవాటు వల్ల కాబోలు, తరగతిలో సగం మంది ‘మన బాల్యంలో మనం ఎంత స్వచ్ఛంగా ఉండేవాళ్లం’ వంటి వాక్యాలు రాసుకొచ్చారు. మేడం ఒక విశ్రాంత ఉపాధ్యాయినిని ‘అమ్మా, ఈ మనంలో నేను లేను. నా బాల్యం వేరు. మీ ఇంటి సంగతి మేము అని చెప్పండి, తలుపు దగ్గర నిలబడి వింటాను’ అన్నారు. ఆవిడ ముందు కాస్త నొచ్చుకున్నారు. మరుసటి వారం ‘మేము అయిదుగురు అక్కచెల్లెళ్లం, మాకు రెండే దుప్పట్లు’ అని మొదలుపెట్టి చదివితే మూలుగుతున్న ఫ్యాన్ తప్ప హాలులో ఇంకే చప్పుడూ వినపడలేదు.

మూడో వారం నుంచి ప్రతివారూ ఒక పెద్ద వ్యాసం మీద పని చేయాలి. నేను ఎంచుకున్న సంగతి ఇది. నాకు 19 ఏళ్లప్పుడు మా నాన్నగారి పక్కన కూర్చొని ఇంకు ప్యాడు అందిస్తుండగా ఒక పెద్దావిడ వీలునామా రాయించుకోవడానికి వచ్చింది. ఉన్నది రెండు సెంట్ల స్థలం, అందులో ఒక పెంకుటిల్లు. వీలునామాకు స్టాంపు కాగితం అక్కరలేదు, రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షులు చాలు. ఆ మాట చెప్పి నాన్నగారు మామూలు తెల్లకాగితం మీదే మొదలుపెట్టారు. షెడ్యూలు దగ్గరకు వచ్చేసరికి హద్దులు అడిగారు. దక్షిణం వీధి, పడమర ఫలానావారి దొడ్డి, ఉత్తరం కాలువ అని చెప్పి, తూర్పు దగ్గర ఆవిడ ఆగింది. తూర్పున ఉన్నది కొడుకు ఇల్లు. రెండిళ్లకూ మధ్య తలుపు ఉండేదని, ఆ యేడు కొడుకు దాన్ని ఇటుకలతో మూసేశాడని, ఆ సంగతి కూడా కాగితంలోకి ఎక్కాలని పట్టుబట్టింది. హద్దుకు గోడ అని రాస్తే సరిపోతుందమ్మా అని నాన్నగారు చెప్పి చూశారు. ఆవిడ వినలేదు. ఆయన కాసేపు కలం ఆపి, చివరికి ‘తూర్పు: కుమారుని యింటి గోడ, పూర్వము తలుపు గలది’ అని రాశారు. అంతా పూర్తయ్యాక ఎప్పటిలాగే పైకి చదివి వినిపించారు. ఆ వాక్యం దగ్గర ఆయన గొంతు నెమ్మదించింది. ఆవిడ ‘ఆఁ, అదే’ అని, అప్పుడు బొటనవేలు చాపింది.

ఇంతవరకు రాయడం పెద్ద కష్టం కాలేదు. ముగింపు దగ్గరే చిక్కుకున్నాను. ఆవిడ పోయిన తరువాత కొడుకు ఆ ఇటుకలు తానే తీసేసి తలుపు పెట్టుకున్నాడని మా వీధిలో చెప్పుకున్నారు. కథకు అంతకన్నా అందమైన ముగింపు ఏముంటుందని ‘కొడుకు ఆ గోడ కూల్చి తలుపు పెట్టాడు’ అని ముగించి, గర్వంగానే చదివాను. మేడం అడిగినవి రెండే మాటలు: ‘మీరు చూశారా?’ చూడలేదని చెప్పాను. ‘అయితే తెలుగులో దానికి ఒక మాట ఉంది కదండీ’ అన్నారు. ఏం మాటో తోచలేదు. వెనక వరుసలోంచి తెనాలి అబ్బాయి ‘పెట్టాడట’ అన్నాడు.

ఆ ‘అట’ మీద జరిగిన చర్చ ఆరు వారాల్లోకెల్లా విలువైనది. జరిగినదాన్ని రాసేవాడు తన కళ్లతో చూసినదాన్ని, విన్నదాన్ని, ఊహించినదాన్ని కలగాపులగం చేయకూడదు. ఇంగ్లీషు వంటి భాషల్లో దీనికి ‘చెప్పుకుంటారు’, ‘తెలిసిందేమిటంటే’ అంటూ వాక్యాలకు వాక్యాలు కట్టాలి. మనకు రెండక్షరాలు చాలు. వచ్చాడు అంటే నేను సాక్షిని, వచ్చాడట అంటే సాక్షి ఇంకెవరో. అమ్మమ్మలు కథ చెప్పేటప్పుడు ‘అనగనగా ఒక రాజు ఉండేవాడట’ అని మొదలుపెట్టడం వెనక ఎంత జాగ్రత్త ఉందో అప్పుడు అర్థమైంది. దస్తావేజులో ‘అట’కు చోటు లేదు, అక్కడ ప్రతిదీ ఎవరో ఒకరు సంతకం పెట్టి ఒప్పుకోవాలి. ‘పెట్టుకున్నాడట’ అని దిద్దేసరికి నా వ్యాసం ముగింపు బలహీనపడుతుందని భయపడ్డాను. చదివి చూస్తే జరిగింది వేరు. ఆ ఒక్క ‘ట’తో కొడుకు దూరంగా జరిగి, ఆ సంగతి నమ్మాలని ఆశపడుతున్న వీధి, ఆ వీధిలో నేను, ఇద్దరమూ వాక్యంలోకి వచ్చాం.

బతికి ఉన్నవారి గురించి, మన దగ్గర పని చేయించుకున్నవారి గురించి రాయడంలో ఉన్న ధర్మసందేహాలకు మాత్రం తరగతిలో ఇచ్చిన సమయం పావుగంటే. ఇది పెద్ద లోటు. ఒక లేఖరికి వచ్చే మనుషులు తమ కుటుంబ రహస్యాలు చెప్పుకొనేది కథగా రాయమని కాదు. ఇంటికి వెళ్లి నాలుగు రోజులు ఆలోచించి, ఆ ఊరిని, కాలువ ఉన్న దిక్కును మార్చాను. మార్చానన్న మాట వ్యాసం మొదట్లోనే పాఠకుడికి చెప్పాను. గోడను, తలుపును మార్చలేదు. ఎంతవరకు మార్చవచ్చు, మార్చితే చెప్పాలా వద్దా అన్నదానికి ఒక పూట మొత్తం కేటాయించి ఉండాల్సింది.

దానికి బదులు నాలుగో ఆదివారం ఒక అతిథి ఉపన్యాసం పెట్టారు. ఆయన గంటన్నర మాట్లాడారు. మనలోని రచయితను నిద్ర లేపడం గురించి, విజేతల అలవాట్ల గురించి చెప్పి, ముప్పై రోజుల్లో పుస్తకం తెచ్చే ఒక ప్యాకేజీ రంగుల కాగితం అందరికీ పంచారు. 100 ప్రతులు అచ్చువేసి, కవరు పేజీ మీద ఫొటో వేసి, ఆవిష్కరణ సభ కూడా వారే ఏర్పాటు చేస్తారట. ఎంతని అడిగితే ఫోన్ చేయమన్నారు. మొత్తం పైకం రాయకుండా ఎవరితోనూ సంతకం పెట్టించని వృత్తి నాది కనుక ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను, బస్సులో వేరుశనక్కాయల పొట్టు పోసుకోవడానికి పనికొచ్చింది. పాపం, విశ్రాంత ఉపాధ్యాయిని గారు మాత్రం ఫోన్ చేసి అడ్వాన్సు కట్టారు. ఆవిడ రెండు దుప్పట్ల వ్యాసం ఇంకా ఒక్కసారి కూడా తిరగరాయలేదు, పుస్తకం ఎలా వస్తుంది? నేర్పే చోట అమ్మకం పెట్టడం నాకు ఎంతమాత్రమూ నచ్చలేదు. నిర్వాహకులతో ఆ మాటే చెప్పాను.

తోటివారిలో నేను ఎక్కువగా నేర్చుకున్నది మా గుంటూరు మిర్చి యార్డులో గుమస్తాగా పనిచేసే ఒక యువకుడి దగ్గర. నన్ను ‘బాబాయ్ గారూ’ అంటాడు, తిరుగు బస్సులో ఇద్దరం ఒకే సీటు. అతని మొదటి వ్యాసంలో ఎర్రబంగారం, రైతు కన్నీరు, దళారీ వ్యవస్థ అన్నీ ఉన్నాయి. పత్రికల్లో చదివిన మాటలన్నీ పేర్చుకొచ్చాడు. తనకు మాత్రమే తెలిసింది ఏమిటని మేడం అడిగారు. అతను చాలాసేపు ఆలోచించి, తాలు కాయ ఏరే ఆడవాళ్ల గురించి చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్లు మాట్లాడుకుంటూనే, కిందికి చూడకుండా, వేలికి తగిలిన తేడానుబట్టి తెల్లబారిన కాయను పక్కకు విసురుతారట. సాయంత్రం చేతులు కడుక్కున్నా మంట పోదు కనుక పసిపిల్లలు ఉన్నవాళ్లు ఇంటికి వెళ్లి ముందు కొబ్బరినూనె రాసుకొని, కాసేపు ఆగి, అప్పుడే బిడ్డను ఎత్తుకుంటారట. ‘ఇది వ్యాసంలో పెట్టొచ్చా మేడం, ఇది మామూలే కదా’ అన్నాడు. ఆ చివరి మాట విని నాకు మా నాన్నగారి హద్దులు గుర్తొచ్చాయి. మనకు మామూలైనదే ఎదుటివారు ఎన్నడూ చూడనిది కావచ్చు. అతను తిరగరాసిన పేజీలో ‘ఎర్రబంగారం’ ఒక్కచోట కూడా లేదు, టిక్కీలు (మిర్చి బస్తాలు), కాటా, తాలు, దగ్గు మాత్రం ఉన్నాయి. దగ్గు గురించిన వాక్యం యార్డులో అడుగుపెట్టిన ప్రతివారికీ గొంతులో తగులుతుంది.

ఇక మేడంతో నాకు కుదరని విషయం ఒకటుంది. ఆవిడకు దస్తావేజు భాష మీద కోపం. ‘సదరు’, ‘యిందు మూలముగా’, ‘పుత్ర పౌత్ర పారంపర్యముగా’ వంటివన్నీ నా రాతలోంచి ఊడ్చిపారేయమన్నారు, అవి నా గొంతును నొక్కేస్తున్నాయని ఆవిడ వాదన. ‘బడు’ విషయంలో ఒప్పుకున్నాను, దాన్ని ఊడ్చేశాను. మిగతావాటి విషయంలో ఒప్పుకోలేదు. 34 ఏళ్లు రోజుకు ఎనిమిది గంటలు రాసిన భాష నాకు పరాయిది ఎలా అవుతుంది? కిరాణా కొట్టులో కూడా ‘సదరు బియ్యం’ అని నోరు జారే మనిషిని నేను. ఆవిడ చెప్పినట్టు అన్నీ తీసేసి నాలుగో ప్రతి రాసి చూశాను. శుభ్రంగా, చక్కగా, ఎవరు రాసినా అలాగే ఉండేట్టుగా వచ్చింది. అయిదో ప్రతిలో నాన్నగారు మాట్లాడే చోట, హద్దులు వచ్చే చోట ఆ భాషను తిరిగి పెట్టాను, నేను తలచుకొనే చోట మామూలు తెలుగు ఉంచాను. కోపంగా ఉన్నప్పుడు మాత్రం ‘సదరు కుమారుడు’ అన్నాను. ఆ మాటకు అందరూ నవ్వారు, మేడం కూడా నవ్వి ఊరుకున్నారు. ఒప్పుకున్నారో లేదో చెప్పలేను.

నిజానికి ఆ గొంతు ఎక్కడ దొరికిందంటే, రాయడంలో దొరకలేదు. మా వృత్తిలో ‘చదివి వినిపించగా విని సరియని ఒప్పుకొని’ అన్న వాక్యం ఉంటుంది. మునుపు లేఖరి పార్టీలకు అక్షరం అక్షరం చదివి వినిపించేవాడు, రాయడం రానివారు విని తల ఊపాకే నిశానీ వేసేవారు. రిజిస్ట్రేషన్ కార్యాలయాల్లోకి 1998లో కంప్యూటర్లు వచ్చాక రాత తగ్గింది, పాత ఫైలు తెరిచి పేర్లు, సర్వే నంబర్లు మార్చి ప్రింటు తీయడం పెరిగింది. ఆ వాక్యం ప్రతి దస్తావేజులో ఇప్పటికీ ఉంది, చదివి వినిపించడమే అరుదైంది. తరగతిలో ప్రతి వ్యాసాన్నీ పైకి చదవాలన్న నియమం నన్ను మళ్లీ ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టింది. చదువుతూ ఎక్కడ ఆయాసం వస్తుందో అక్కడ వాక్యం తప్పు, ఎక్కడ వేగంగా దాటేయాలనిపిస్తుందో అక్కడ మాట అబద్ధం. అయిదో ఆదివారం తూర్పు హద్దు దగ్గరకు వచ్చేసరికి నాకు తెలియకుండానే నెమ్మదించాను. అది మా నాన్నగారు నెమ్మదించిన తీరే.

లోపాలు కూడా చెప్పాలి. ప్రతి వ్యాసంపైనా రాతపూర్వక వ్యాఖ్యలు ఇస్తామని కరపత్రంలో ఉంది. నాకు అందినవి రెండు, అందులో ఒకటి తరగతులు ముగిసిన పదిరోజులకు వచ్చింది. గట్టిగా మాట్లాడేవారికే సమయమంతా పోయేది. ఆరు వారాల్లో ఒక్క వ్యాసం కూడా చదవకుండా వెళ్లిపోయిన నర్సు అమ్మాయి ఒకామె ఉంది, ఆమె డబ్బు వృథా అయినట్టే. జిరాక్సు కాగితాల్లో అక్షరాలు వెలిసిపోయి ఉండేవి. అన్నింటినీ మించిన లోపం, చదవమని ఇచ్చిన ఉదాహరణల్లో అధిక భాగం ఇంగ్లీషు వ్యాసాలు కావడం. ఈ ప్రక్రియకు ఆ పేరు పెట్టి అమెరికాలో పత్రిక మొదలైంది 1993లోనే కావచ్చు. ఏనుగుల వీరాస్వామయ్యగారు మద్రాసు నుంచి కాశీకి బయలుదేరింది 1830లో. దారిలోని ఊళ్లు, సత్రాలు, ధరలు, మనుషులు అన్నీ మిత్రుడికి రాసి పంపగా 1838లో అది పుస్తకమైంది. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ. పొద్దస్తమానం ఇతరుల ‘నేను’ను ఒక భాషలోంచి మరో భాషలోకి మోసిన మనిషి దారిలో కూర్చొని తన మాట తాను రాసుకున్నాడు. నావంటివాడికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ ఎక్కడ ఉంటుంది? గ్రంథాలయోద్యమానికి 1914లో పునాది పడ్డ ఊళ్లో, అడుగు దూరంలో పుస్తకాల దుకాణాలున్న వీధి పక్కన కూర్చొని ఈ పేరు ఒక్కసారి కూడా వినపడకపోవడం నాకు కష్టమనిపించింది. ఆరో వారం లేచి నేనే చెప్పాను.

పుస్తకం అచ్చు వేసుకోవాలన్న తొందరలో ఉన్నవారికి ఈ తరగతి పనికిరాదు. భాషాదోషాలు దిద్దించుకోవాలనుకొనేవారికీ పనికిరాదు, నిర్వాహకులు ఆ పని చేయరు. ఏళ్ల తరబడి కార్యాలయంలోనో, బ్యాంకులోనో, బడిలోనో ఇంకొకరి తరఫున రాసి రాసి, తీరా తన సంగతి రాయబోతే కలం మొరాయించేవారికి మొదటి మూడు ఆదివారాలే చాలు. వాటికి రూ. 4,800 ఎక్కువ కాదనే అంటాను. చేరేవారు ఎడమవైపు ముందు వరుసలో కూర్చుంటే మూలిగే ఫ్యాన్ బాధ ఉండదు.

సంక్రాంతి తరువాత రెండో విడత మొదలుపెడుతున్నామని, ఫీజు ఏడు వేలని నిర్వాహకులు ఫోన్ చేశారు. ఎన్ని వ్యాసాలకు, ఎన్ని రోజుల్లోగా రాతపూర్వక వ్యాఖ్యలు ఇస్తారో రసీదు వెనక రాసి సంతకం పెట్టి ఇస్తే వచ్చే ఆదివారమే డబ్బు కడతానని చెప్పాను. ఆలోచించి చెబుతామన్నారు.